తోక నేలకు రాసుకోకుండా

మా అక్క కొడుకు టెక్సస్ నుంచి ఫోన్ చేసిన రాత్రి మాజ్రిలో కరెంటు లేదు. వాడు పంపిన ఫొటోలు ఫోన్ వెలుగులోనే చూశాను. పెట్రోలు బంకు వాకిట్లో తారు మీద జానెడు వెడల్పున తెల్లగా గీరుకుపోయిన చార. ఆ చార చివర వాడి ట్రావెల్ ట్రైలర్. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ అమర్చిన చక్రాల ఇల్లు అది. వెనక బంపరు కింద మురుగునీళ్ల గొట్టం విరిగి వేలాడుతోంది.

"మామా, ఏ బంకుల్కి పోయినా గిదే కత. కారు మంచిగనే ఎక్కుతది, ట్రైలర్ ఎనక మాత్రం రోడ్డుకు గీస్కపోతది. నువ్వు గనిల లోబెడ్లు చూసినోనివి గద, ఏమన్న చెప్పు."

చూడటం మాత్రం చూశాను. బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన ఇన్నేళ్లలో నేలబారుగా ఉండే లోబెడ్ ట్రైలర్ మీదికి డోజర్లు ఎక్కించడం, దింపించడం నా పనిలో భాగం. మాజ్రి పేరు తెలియని వాళ్లకు ఒక మాట: ఇది చంద్రపూర్ జిల్లాలో, నాగపూర్ నుంచి బల్లార్షా పోయే రైలు దారిలో ఒక జంక్షన్. ఇక్కడి నుంచే వణి మీదుగా ఆదిలాబాద్ వైపు పాయ చీలుతుంది. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చిన తరం. మాకు ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, గనిలో హిందీ. డ్రైవర్లు ఏ భాషవాళ్లయినా బండి వెనక భాగానికి పెట్టే పేరు మాత్రం ఒకే తీరుగా ఉంటుంది, అది పత్రికలో రాసేది కాదు. నేను తోక అంటాను.

వాడికి ఫోనులో చెప్పింది రెండు ముక్కలే: కొలతలు పంపు, నీళ్ల ట్యాంకు నిండుగా ఉందో ఖాళీగా ఉందో కూడా చెప్పు. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. బండి తోకను నేలకు తగలకుండా కాపాడుకోవడానికి మనుషులు ఎన్ని తిప్పలు పడ్డారో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది.

మొదట గుర్తొచ్చింది ఎద్దుల బండి. ఒకే ఇరుసు, రెండు చక్రాలు. వడ్ల బస్తాలు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కు ఎక్కువైతే కాడి పైకి లేచి మెడతాళ్లు గొంతుకు బిగుసుకుంటాయి, బండి తోక నేల పడుతుంది. అందుకే బస్తాలు సర్దేవాడు నొగ పట్టుకుని ఒకసారి ఎత్తి చూస్తాడు. రెండు చేతులకు కాస్త బరువు తగలాలి. అసలు తగలకపోతే ఒక బస్తా ముందుకు జరుపుతాడు. ఈనాటి ట్రావెల్ ట్రైలర్ లెక్కంతా ఆ చేతి తూకంలోనే ఉంది. అమెరికాలో ఇప్పుడు చెప్పే సూత్రం: ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. అంతకంటే తగ్గితే హైవే మీద ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగుతుంది, పెరిగితే కారు వెనక భాగం కుంగుతుంది.

అంటే ఇరుసు బరువు మధ్యకు కాస్త వెనకగా ఉండాలి, అంతే. బండి పొట్టిగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పొడవు పెరిగితే ఇరుసు వెనక మిగిలే తోక కూడా పెరుగుతుంది. తోక పొడుగ్గా ఉండటం తయారుచేసినవాడి తెలివితక్కువతనం కాదు. ట్రైలర్ ఊగకుండా ఉండాలంటే దానికి ఇచ్చుకోవలసిన ధర అది.

తెల్లారేసరికి కొలతలు వచ్చాయి. కొక్కెం నుంచి ఇరుసుల మధ్యకు సుమారు 5 మీటర్లు, ఇరుసుల నుంచి తోక చివరికి 3.5 మీటర్లు. అంతా కలిపి 28 అడుగులు. తోక కింద నేలకు 40 సెంటీమీటర్ల ఎడం. బరువు 3,000 కిలోలు. రోడ్డు మీంచి బంకు వాకిలి ఎక్కేటప్పుడు ట్రైలర్ చక్రాలు ఇంకా కిందే ఉంటాయి, కారు పైకి పోతుంటుంది. కొక్కెం 60 సెంటీమీటర్లు లేచిందనుకుందాం. ఇరుసు దగ్గర బండి ఎగుడుబల్లలా తిరుగుతుంది, తోక 42 సెంటీమీటర్లు దిగుతుంది. ఉన్న ఎడం 40. గీరింది ఆ రెండు సెంటీమీటర్లే. వాడి గొట్టాన్ని విరగ్గొట్టింది రెండు వేళ్ల మందం.

ఇరుసును అర మీటరు వెనక్కు జరిపితే? తోక 33 సెంటీమీటర్లే దిగుతుంది, హాయిగా దాటుతుంది. కానీ కొక్కెం మీద బరువు 360 కిలోల నుంచి 600కు పోతుంది. కారు తోక కుంగుతుంది. ఒక తోకను కాపాడబోతే ఇంకో తోక నేలకు దిగిందన్నమాట.

ఈ తకరారు ఎప్పుడు మొదలైంది? 1914లో డెట్రాయిట్‌లో అగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి ఉండేవాడు. ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి అతని దగ్గరికొచ్చి, నా పడవను ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక కట్టి సరస్సు దాకా లాక్కుపోవాలి, ఏదైనా చేసిపెట్టు అన్నాడు. ఫ్రూహాఫ్ రెండు చక్రాల బండి చేసి కారుకు తగిలించాడు. అది బాగుందనిపించి సిబ్లీ తన కలప లాగడానికీ అలాంటివే చేయించుకున్నాడు. దానికి సెమీ ట్రైలర్ అని పేరు పెట్టింది ఫ్రూహాఫే. మన హైవేల మీద తిరిగే పొడుగు ట్రైలర్ల పుట్టిళ్లలో ఆ కమ్మరి కొలిమి ఒకటి.

ట్రైలర్ ఇల్లుగా మారిన కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఆర్థర్ షెర్మన్ బ్యాక్టీరియా శాస్త్రవేత్త, ఆయనదీ డెట్రాయిటే. 1929లో ఐదు నిమిషాల్లో వేసుకోవచ్చన్న ప్రకటన చూసి ఒక గుడారపు ట్రైలర్ కొన్నాడు. సెలవులకు వెళ్లినచోట వాన మొదలైంది, గుడారం లేవలేదు, కుటుంబమంతా తడిసిపోయింది. ఆ కోపంతో గట్టి గోడల పెట్టె ఒకటి చేయించాడు. 9 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. పిల్లలు దానికి 'కవర్డ్ వ్యాగన్' అని పేరు పెట్టారు. 1930లో డెట్రాయిట్ ఆటో షోలో పెడితే ఆర్డర్లు వచ్చిపడ్డాయి. తొమ్మిదడుగుల పెట్టెకు చెప్పుకోదగ్గ తోకే ఉండదు, కాబట్టి షెర్మన్‌కు మా అల్లుడి బాధ లేదు. జనం మంచం అడిగారు, వంటగది అడిగారు, స్నానాల గది అడిగారు. అడిగినదల్లా పెట్టేకొద్దీ తోక సాగింది.

ఆ రోజుల్లోనే గ్లెన్ కర్టిస్ వేరే దారి పట్టాడు. 1909లో ఫ్రాన్సులోని రీమ్స్ నగరంలో గోర్డన్ బెన్నెట్ విమాన పందెం గెలిచిన కర్టిస్ ఇతనే. 1928లో అమ్మకానికి తెచ్చిన 'ఏరోకార్' అనే ట్రైలర్‌కు కొక్కేన్ని కారు బంపరుకు కాకుండా, వెనక చక్రాల మీదుగా కారు లోపల పెట్టాడు. కుదుపు తగలకుండా విమానపు టైరు ఒకదాన్ని పడుకోబెట్టి అందులో మొలను కూర్చోబెట్టాడు. బరువు నేరుగా కారు ఇరుసు మీదే పడుతుంది కాబట్టి మామూలు కొక్కెం కంటే ఎక్కువ మోస్తుంది. అప్పుడు ట్రైలర్ ఇరుసును ధైర్యంగా వెనక్కు జరపొచ్చు, తోక పొట్టిదవుతుంది. ఈనాటి ఫిఫ్త్ వీల్ ట్రైలర్లన్నీ ఈ తీరువే. వాటికి ట్రక్కు కావాలి, కారు చాలదు. మా వాడికి ఉన్నది కారే.

కర్టిస్ పేరు తలచుకుంటే ఇంకో సంగతి కూడా వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి ఆయన కంపెనీ 'జెన్నీ' విమానానికి తోక కింద ఒక చిన్న కాలు ఉండేది. టెయిల్ స్కిడ్. విమానం దిగినప్పుడు అది గడ్డి మైదానాన్ని గీరుకుంటూ పోయేది, అదే బ్రేకు కూడా. రన్‌వేలు గట్టిపడ్డాక ఆ కాలి చోట చిన్న చక్రం వచ్చింది. తోక నేలకు తగిలితీరుతుంది అని ఒప్పుకున్నాక, తగిలే చోట అరిగిపోయేదాన్నో, తిరిగేదాన్నో పెట్టడం అన్న ఆలోచన అక్కడ కనబడుతుంది. అమెరికాలో ట్రైలర్ దుకాణాల్లో అమ్మే స్కిడ్ వీల్స్ అచ్చంగా అవే: వెనక ఛాసిస్‌కు బిగించే గుప్పెడంత ఉక్కు చక్రాలు. మామూలుగా గాల్లోనే ఉంటాయి, తోక దిగినప్పుడు మాత్రం నేల తాకి దొర్లుతాయి.

జెట్ విమానాలు పొడుగు సాగాక ఇదే బాధ మళ్లీ వచ్చింది. ముక్కు ఎత్తి లేచేటప్పుడు తోక రన్‌వేకు తగులుతుంది, దాన్ని టెయిల్ స్ట్రైక్ అంటారు. దాదాపు 74 మీటర్ల పొడవున్న బోయింగ్ 777-300ఈఆర్‌లో ఇంజనీర్లు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. ఒక్కో పక్క ఆరేసి చక్రాలున్న పీటను, విమానం లేచే క్షణంలో మధ్య ఇరుసు మీద కాకుండా వెనక చక్రాల మీద నిలబడేలా చేశారు. మనిషి మునివేళ్ల మీద లేచినట్టు. కాళ్లు పొడిగించకుండానే ఆ ఒక్క క్షణం పొడుగవుతాయి.

ట్రైలర్ వాళ్ల దగ్గర ఇంత సొగసు లేదు. వాళ్ల మందు మోటుది. చాలా ట్రైలర్లలో కమాన్ పట్టీలు ఇరుసు కింద ఉంటాయి. విప్పి ఇరుసు మీదికి ఎక్కిస్తే బండి మొత్తం 12 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. మా అల్లుడి లెక్కలో 40 కాస్తా 52 అవుతుంది, గండం గడుస్తుంది. అయితే కొక్కెం కూడా అంతే ఎత్తాలి, లేకపోతే బండి తల దించుకుని నడుస్తుంది, ముందు ఇరుసు మీదే భారం పడుతుంది. గుమ్మం ఎత్తు పెరుగుతుంది, మోకాళ్ల నొప్పులున్న మా అక్క ఎక్కలేదు. గాలివాటుకు ఊగడమూ పెరుగుతుంది.

మా గని దగ్గర ఈ గొడవ ఇంకో రూపంలో ఉండేది. డంపర్లు, డోజర్లు, షావెళ్లు సొంతంగా రోడ్డెక్కేవి కావు. ఒక గని నుంచి ఇంకో గనికి పోవాలంటే లోబెడ్ మీదే. డోజర్ ఎక్కేది తోక వైపు నుంచి. ముప్పై టన్నుల పైచిలుకు బరువు ముందుగా పడేది చక్రాల వెనక ఉన్న ఆ తోక మీదే. అందుకే ఎక్కించే ముందు తోక కింద పాత రైలు స్లీపర్ దిమ్మలు పేర్చి, సందు లేకుండా చెక్కమేకులు కొడతాం. వయసులో ఉన్నప్పుడు ఒక వానాకాలం సాయంత్రం ఈ పని ఎందుకో కళ్లారా చూశాను. కాంట్రాక్టరు మనుషులకు తొందర. దిమ్మలు ఒకే వరస వేశారు, అది కూడా బురదలో. డోజర్ ర్యాంపు ఎక్కింది, దిమ్మలు చడీచప్పుడు లేకుండా నేలలోకి దిగిపోయాయి, తోక కూర్చుంది. అవతల లాగే బండి వెనక చక్రాలు మోకాలెత్తు గాల్లోకి లేచాయి. క్యాబిన్‌లో డ్రైవరు బీడీ నోట్లో పెట్టుకుని ఉన్నాడు. అద్దంలోంచి ఆకాశం పోయి రోడ్డు కనబడేసరికి బీడీ ఒళ్లో పడింది. డోజర్ ఆపరేటరు వెనక్కు దింపకుండా, ఎక్కడికక్కడ ఆపకుండా, మెల్లగా ముందుకే తోలాడు. బరువు చక్రాలు దాటగానే లేచిన భాగం ధబ్బున దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాలిన ప్యాంటు తప్ప.

లోబెడ్‌కు ఇంకో శత్రువు రైలు పట్టాలు దాటే చోటు. బొగ్గు సైడింగు మీదుగా పోయే రోడ్డు పట్టాల దగ్గర ఎద్దు మూపురంలా లేచి ఉంటుంది. రైల్వేవాళ్లు కంకర వేసి పట్టాలు ఎత్తిన ప్రతిసారీ ఆ మూపురం కాస్త పెరుగుతుంది. ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల ఉంటే నడుమ పట్టాల మీద కూర్చుంటుంది. మూపురం దాటి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు తోక వంతు. మా వాళ్లు రెండు వైపులా పలకలు పరిచి ఏటవాలు తగ్గించేవారు. వాలు పొడవుగా ఉంటే తోక అంత లోతుకు దిగదు. చిన్న కార్లవాళ్లు స్పీడ్ బ్రేకర్‌ను ఐమూలగా ఎక్కించడంలోనూ ఉన్నది ఇదే కిటుకు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మన వీధుల్లో రాత్రికి రాత్రి లేచేవి ఆ పుస్తకం చదివి లేచినవి కావు.

పట్టాల మీద ఇరుక్కోవడం నవ్వులాట కాదు. 2017 మార్చి 7న అమెరికాలోని బిలాక్సీ పట్టణంలో, టెక్సస్ నుంచి పెద్దవాళ్లను విహారానికి తీసుకొచ్చిన పొడుగు బస్సు ఇలాంటి మూపురం మీదే ఇరుక్కుంది. గూడ్సు రైలు వచ్చి గుద్దింది, నలుగురు చనిపోయారు. ఏళ్ల తరబడి పట్టాల పనులు చేసేకొద్దీ అక్కడ రోడ్డు ఎత్తు పెరిగిపోయిందని దర్యాప్తులో తేలింది. పట్టా నుంచి 30 అడుగుల దూరంలో రోడ్డు, పట్టా కంటే 3 అంగుళాలకు మించి ఎత్తుగానో పల్లంగానో ఉండకూడదని అక్కడి ఇంజనీర్లకు మార్గదర్శకం ముందునుంచీ ఉంది. పట్టాల మీద కడుపు ఆనించి కూర్చున్న ట్రైలర్ బొమ్మతో పసుపు హెచ్చరిక బోర్డు కూడా ఉంటుంది. మన దగ్గర తోక పొడవు మీదే కట్టడి ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 93వది చూడండి: లారీ, బస్సుల వెనక వేలాడే భాగం, ముందు వెనక ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం దాటకూడదు. అంటే ఇరుసుల మధ్య 5 మీటర్లుంటే తోకకు 3 మీటర్లే హక్కు.

అసలు తోకే లేకుండా చేస్తే పోలేదా? అది కూడా చేశారు. మనవాళ్లందరూ చూసిన బండే. హుస్సేన్‌సాగర్ బుద్ధుడిని భువనగిరి దగ్గర రాయగిరిలో గణపతి స్థపతి బృందం చెక్కింది. 58 అడుగుల ఏకశిల, 300 టన్నులు దాటిన బరువు. 1988లో దాన్ని పడుకోబెట్టి 192 చక్రాల ట్రైలర్ మీద 50 కిలోమీటర్ల పైచిలుకు దూరం హైదరాబాదుకు తెచ్చారు, దారి పొడవునా రోడ్లు వెడల్పు చేశారు. ఇలాంటి బండ్లకు ఈ చివర నుంచి ఆ చివర దాకా చక్రాల వరసలే, వెనక వేలాడేది ఏమీ ఉండదు. 1950ల నుంచి జర్మనీలో షోయర్లే లాంటి కంపెనీలు పెంచుకొచ్చిన విద్య ఇది. ఒక్కో చక్రాల జతకు ఒక హైడ్రాలిక్ సిలిండరు, సిలిండర్లన్నిటికీ కలిపి నూనె గొట్టాలు. ఒక చక్రం గతుకెక్కితే అందులోంచి నూనె పక్కదానిలోకి పోతుంది, బరువు అందరికీ సమానంగా పంచబడుతుంది, పైన బల్ల కదలదు. మూపురం వచ్చినప్పుడు వరసకు వరస పైకి ముడుచుకుని దాటుతుంది, గొంగళిపురుగు నడిచినట్టు. బుద్ధుడికి నేల మీద ఏమీ కాలేదు. ఆపద నీళ్ల మీద వచ్చింది. 1990 మార్చి 10న పడవ ఒరిగి విగ్రహం సాగర్ అడుగుకు పోయింది, పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1992 డిసెంబరు 1న గానీ అది పీఠం ఎక్కలేదు.

అల్లుడికి 192 చక్రాలు కొనివ్వలేను. ఆదివారం ఫోనులో కూర్చుని లెక్క తేల్చాం. మొదటి తప్పు తెలిసింది: ట్రైలర్ సమంగా లేదు. కొక్కెం కారుకు ఎత్తుగా బిగించి ఇచ్చారు, ముక్కు పైకి, తోక కిందికి. ఊరికే నిలబెట్టినప్పుడే తోక వైపు నాలుగు వేళ్లు తక్కువ. కొక్కెం ఒక రంధ్రం కిందికి దింపమన్నాను. అది పైసా ఖర్చు లేని మందు.

రెండోది స్కిడ్ వీల్స్. వాడు బంపరుకే బిగిద్దామనుకున్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. ఆ ట్రైలర్లలో బంపరు రేకు పెట్టె లాంటిది, అందులో మురుగునీళ్ల పైపు దాచుకుంటారు. తోక పూర్తిగా ఆ చక్రాల మీద నిలబడితే ఏమవుతుందో కాగితం మీద వేసి చూపించాను. ఇరుసు చక్రాల మీద బరువు పోతుంది, బండి కొక్కేనికీ తోకకూ మధ్య నిచ్చెనలా నిలబడుతుంది. కొక్కెం మీద 360 కిలోలుండే చోట 1,400 దాటుతుంది. అది ఒక్క క్షణమే అయినా కారుకు నడుం విరిగినంత పని. అందుకని ఛాసిస్ పట్టీలకే బిగించాలి, నేలకు తగిలాక నడక వేగమే.

"మామా, నువ్వు లెక్కల మాస్టరువి కావాల్సింది," అన్నాడు.

మా అక్క అక్కడ వాడి పక్కనే ఉంది. "ముందుగాల ఆ పైపు అతికిపియ్యరా, వాసన," అంది.

రెండు వారాలకు వీడియో వచ్చింది. అదే బంకు, అదే వాకిలి. కారు ఎక్కుతోంది, తోక దిగుతోంది, దిగుతోంది, ఉక్కు చక్రం తారును తాకి కీచుమంది, ఒక జానెడు దొర్లి మళ్లీ గాల్లోకి లేచింది. పాత తెల్ల చార పక్కన సన్నటి కొత్త గీత. కారులోంచి అక్క గొంతు: "మళ్ల గీసుకున్నదిరా?" వాడు నవ్వుతూ, "లేదమ్మా, గది తిరుగుతున్నది," అంటున్నాడు. ఆ చక్రానికి గ్రీజు పెట్టలేదని చప్పుడులోనే తెలిసిపోయింది. ఆ సంగతి వెంటనే మెసేజ్ పెట్టాను.